గరికపూడి రోడ్‌లో ఎనభై ఆరు బై ఏడు

దోహాలో అల్ సద్ ప్రాంతంలోని ఒక ప్రైవేటు క్లినిక్కులో, మొదటి అంతస్తు వెనుక గదిలో, దయమ్మ పదేళ్ళుగా వైద్యుల పనిముట్లను శుద్ధి చేస్తోంది. కత్తెరలు, పట్టకార్లు, దంతవైద్యుడి చిన్న అద్దాలు ముందు బ్రష్షుతో కడగాలి. ఆరిన తర్వాత గుడ్డలో మడిచి, మూట మీద గీతల టేపు అంటించి, ఆవిరి వేడితో శుద్ధి చేసే ఆటోక్లేవులో పెట్టాలి. వేడి సరిగా తగిలితే టేపు మీది లేత గీతలు నల్లబడతాయి. నల్లబడని మూటను ఆమె విప్పి మళ్ళీ మొదటి నుంచి చేస్తుంది. గీత నల్లబడితే టేపుకు వేడి తగిలిందని మాత్రమే అర్థమని, మూట లోపలి సంగతి గీత చెప్పదని, పని నేర్పిన నర్సు మొదటి రోజే ఆమెకు చెప్పింది. ఆ మాట దయమ్మకు ఇబ్బందిగా తోచలేదు. గీత తప్ప చూసుకోవడానికి ఇంకొకటి లేదు.

1994 జూన్ నాటికి ఆమెకు ముప్ఫై తొమ్మిదేళ్ళు. భర్త ఏబెల్ చనిపోయి పదిహేనేళ్ళు. అతను పోయిన నాలుగు నెలలకు పుట్టిన కూతురు జెరూషా గుంటూరులో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఏబెల్ తమ్ముడు జేమ్స్ అన్న పోయినందుకు ఇచ్చిన ఉద్యోగంలో, పట్టాలు మరమ్మతు చేసే రైల్వే గాంగ్‌మన్‌గా చేరి, సొంత ఊరు గరికపూడి రోడ్‌లోనే ఉన్నాడు.

ఆ నెలలో ఒక శుక్రవారం కబురు వచ్చింది. అల్ ముంతజాలో కృపారావు అనే డ్రాఫ్ట్స్‌మన్ ఫ్లాటులో కోస్తా జిల్లాల క్రైస్తవులు కొందరు ప్రతి శుక్రవారం ఉదయం ప్రార్థనకు చేరేవారు. కిటికీలు మూసి, పాటలు తగ్గు గొంతుతో పాడుకునేవారు. సెలవు మీద ఇంటికి వెళ్ళి అప్పుడే తిరిగి వచ్చిన కృపారావు, ప్రార్థన ముగిశాక దయమ్మను పక్కకు పిలిచాడు.

"మీ ఊరి మీదుగా వెళ్ళానమ్మా. రైల్లో కాదు, బస్సులో. లైను మూసేశారు. పెద్ద గేజీ వేస్తున్నారు. మీ జేమ్స్ కనపడ్డాడు, వీలైనంత త్వరగా ఫోన్ చెయ్యమన్నాడు."

ఆమె ఆ సాయంత్రమే చేసింది. జేమ్స్ చెప్పిన సంగతి ఇది. కొత్త రైలుకు కట్ట వెడల్పు చేయాలి. వెడల్పు దక్షిణం వైపు వస్తుంది. దక్షిణాన కట్టను ఆనుకునే సమాధుల దొడ్డి ఉంది. దొడ్డి స్థలం రైల్వేది. జూలై ఆఖరు లోగా ఏ కుటుంబం వారు తమ సమాధిని చూపిస్తే, ఆ అస్థికలను తీసి కాలువ గట్టున చర్చివాళ్ళు కొన్న కొత్త స్థలంలో పెట్టుకోవచ్చు. చూపించని వాటి మీద మట్టి పోస్తారు.

"కొత్త చోట రాయి పెట్టుకోవచ్చంట వొదినా. పాప ఒకటే గోల. నాన్న పేరు రాయి మీద చెక్కించాలంటది."

జెరూషా తండ్రిని చూడలేదు. అతని ఫోటో ఒకటి ఉండేది కానీ చెదలు తినేశాయి. రాయి మీద పేరు ఆ పిల్లకు ఎందుకు కావాలో దయమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ సమాధులకు రాళ్ళు ఎందుకు లేవన్నది తెలియాలంటే ఆ ఊరు ఎలా పుట్టిందో చెప్పాలి.

గరికపూడి రోడ్ అంటే గరికపూడి కాదు. గరికపూడి లైనుకు దక్షిణంగా అయిదు మైళ్ళ దూరంలో ఉన్న పాత ఊరు. పంతొమ్మిదో శతాబ్దం చివర గుంటూరు నుంచి పడమటికి మీటరు గేజీ వేసినప్పుడు, ఆవిరి ఇంజను ఎక్కడ నీళ్ళు పట్టాలో లెక్క చూస్తే ఈ బయలు వచ్చింది. బావి తవ్వితే నీళ్ళు పడ్డాయి. కాబట్టి స్టేషను కట్టారు. చుట్టూ ఊరు లేదు కనుక దూరపు ఊరి పేరుకే 'రోడ్' అని చేర్చి బోర్డు పెట్టారు. చుట్టుపక్కలంతా నల్లరేగడి, పత్తి, మిరప, పొగాకు. పంట అమ్ముకోవడానికి బళ్ళు స్టేషనుకు రావడం మొదలయ్యాక గూడ్సు షెడ్డు వచ్చింది. షెడ్డు వెనుక పత్తి గింజ తీసే మిల్లు, మిల్లు ఎదుట మిరపకాయల కళ్ళాలు, కళ్ళాల పక్కన హోటళ్ళు వచ్చాయి. రైతులు పాత ఊళ్ళోనే ఉండిపోయారు. ముందుగా లైను దగ్గరికి కాపురం మార్చినవారు భూమి లేనివారు, పాత ఊళ్ళో ఊరి బావి నుంచి నీళ్ళు తోడుకునే హక్కు లేనివారు. రైల్వే బావిలో గాంగ్‌మన్ చేద వేస్తే కాదనేవాడు లేడు. దయమ్మ మామగారి తండ్రి అలా వచ్చినవాడే.

తర్వాత మిషన్ వారు బడి, గుడి కట్టారు. చనిపోయినవారిని పాత ఊరి పొలాల్లో పూడ్చనివ్వలేదు. రైల్వే వారు స్టేషనుకు తూర్పున కట్టను ఆనుకుని ఒక సన్నని పట్టీ ఇచ్చారు. షరతు ఒకటే: పక్కా కట్టడం ఏదీ ఉండకూడదు. షరతు లేకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. రాయి నిలబెడితే రెండేళ్ళకు వాలిపోతుంది, ఇంకో రెండేళ్ళకు సగం దిగిపోతుంది. మట్టి దిబ్బ ఒక్క వానాకాలం ఆగదు.

చనిపోయినవారిలో ఎక్కువ మంది గాంగు కుటుంబాలవారు. గాంగు మనుషులకు లైను మీద ఏ చోటైనా ఒక అంకె. కట్ట వెంట టెలిగ్రాఫు స్తంభాలకు కిలోమీటరు అంకె, ఆ కిలోమీటరులో ఎన్నో స్తంభమో ఆ అంకె రాసి ఉంటాయి. పట్టా విరిగినా, ఆవు పడినా, పాము కనపడినా ఆ అంకె చెప్పుకుంటారు. సమాధులకూ అదే అలవాటైంది. 'మా అమ్మ ఎనభై ఆరు బై నాలుగు, మొదటి వరస' అని చెప్పుకునేవారు. ఈస్టరు తెల్లవారుజామున కుటుంబాలు వచ్చి, తమ స్తంభం చూసుకుని, దానికి సూటిగా ఎదుట తమ వరసలో కొత్తగా మట్టి ఎగదోసి, సున్నం చల్లి కూర్చునేవారు. ఏటా కొత్త దిబ్బే. స్తంభం మాత్రం పాతది. నేలంతా కదిలినా, స్తంభాన్ని నిలువుగా ఉంచే బాధ్యత రైల్వేది కాబట్టి అది కదలదని వాళ్ళ నమ్మకం.

ఏబెల్ కీమ్యాన్‌గా చేసేవాడు. రోజూ తన భాగం లైను వెంట నడిచి, పట్టాలను పట్టి ఉంచే మేకులు, బోల్టులు చూసి, వదులైనవి సుత్తితో బిగించడం అతని పని. 1979 మే నెలలో డ్యూటీలో వడదెబ్బ తగిలి, ట్రాలీ మీద స్టేషనుకు తెచ్చేసరికి ప్రాణం లేదు. ఎండల వల్ల ఆ సాయంత్రమే పూడ్చారు. హాస్టల్లో ఉన్న జేమ్స్ మర్నాటికి గాని అందుకోలేకపోయాడు. ఎనభై ఆరు బై ఏడు, రెండో వరస. దయమ్మ అయిదో నెల గర్భంతో అక్కడ నిలబడింది. తర్వాత మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. పనిముట్ల గదిలో పని అలవాటైంది. 1984లో ఆ ఆసుపత్రి నర్సు ఒకామె సిఫారసు మీద దోహా వచ్చింది.

సోమవారం ఉదయం ఆమె సెలవు అడగడానికి క్లినిక్కు మేనేజరు బుర్హానుద్దీన్ గదికి వెళ్ళింది. అతనిది నిజామాబాదు. విదేశీ పనివారి వీసాకు పూచీపడే యజమానిని అక్కడ కఫీల్ అంటారు.

"చుట్టీ కావాలె, అంతే గదమ్మా? నేను వద్దంటలేను. కఫీల్ సాబ్ లండన్‌ల ఉన్నడు. ఆయన దస్తఖత్ లేకుంటే ఎగ్జిట్ పర్మిట్ రాదు. నీ పాస్‌పోర్ట్ గూడ ఆయన తిజోరిల్నే ఉన్నది."

"ఎప్పుడొస్తారు సార్?"

"ఎండలు తగ్గినంక. సెప్టెంబర్‌ల."

"జూలై ఆఖరుకి మట్టి పోసేస్తారంట సార్."

"ఎవలు పోయిండ్రు?"

"ఎవరూ పోలేదు. మా ఆయన. పదిహేనేళ్ళయింది."

బుర్హానుద్దీన్ ఆమె వైపు చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు.

"మా అబ్బాజాన్ గోరి బోధన్‌ల ఉన్నది. పోయిన సారి పోతే గడ్డి ఇంతెత్తున్నది. ఏడనో దెల్వక అందరికీ కలిపి ఫాతిహా చదివి వచ్చిన." అతను ఫోను ఆమె వైపు జరిపాడు. "మీ మరిదికి జెప్పు, ఆయనే చూపిస్తడు. యల్లా, ఈ ఫోన్లనే మాట్లాడు. జల్ది జేయి. మీ గుంటూరోళ్ళు మొదలుపెడితే ఆగరు."

జేమ్స్ రోజూ ఆ వేళకు ఎస్టీడీ బూత్ దగ్గర ఉంటానని చెప్పి ఉన్నాడు.

"నేను రాలేను జేమ్సూ. నువ్వే చూపించాలి. ఎనభయ్యారు బై ఏడు."

"అదేంది వొదినా, నాకు చెప్తున్నావు? రోజూ దాని పక్కనే గదా నడిచేది."

"రెండో వరస."

"రెండో వరస. సూటిగా స్తంభం ఎదురుగా. పాప కూడా వస్తానంటంది. టేపు రికార్డరు తెస్తదంట, అంతా నీకు వినిపిస్తదంట."

"సరే."

నాలుగో నిమిషం కాకముందే ఆమె ఫోను పెట్టేసింది. "అయిపోయిందా?" అని బుర్హానుద్దీన్ ఆశ్చర్యపోయాడు.

ఆ తర్వాతి వారాల్లో దయమ్మ ప్రవర్తనలో ఎవరికీ ఏ మార్పూ కనపడలేదు. డ్యూటీకి వచ్చేది, మూటలు కట్టేది, వెళ్ళేది. ఒకరోజు ఆటోక్లేవు తలుపు పిడిని చేతిగుడ్డ లేకుండా పట్టుకుంది. అరచేతిలో బొబ్బ లేచింది. నర్సు చూసి అరిస్తే గాని ఆమె చెయ్యి చూసుకోలేదు.

సమాధి జూలై మూడో వారంలో తవ్వారు. క్యాసెట్టు ఆగస్టు మొదట్లో, దోహాకు తిరిగి వస్తున్న కృపారావు బావమరిది చేతుల మీదుగా ఆమెకు అందింది. శుక్రవారం ప్రార్థనకు వచ్చినవారంతా వింటామన్నారు. దయమ్మ వద్దనలేదు. కృపారావు టేపు రికార్డరును సోఫా ముందున్న బల్ల మీద పెట్టి మీట నొక్కాడు.

ముందు గాలి చప్పుడు. తర్వాత గునపం నేలను తాకే శబ్దం. పాస్టరుగారి ప్రార్థన, కొంత వినపడింది, కొంత గాలిలో పోయింది. తర్వాత మైకుకు చాలా దగ్గరగా జెరూషా గొంతు.

"అమ్మా, ఇప్పుడు నాన్నని తీస్తున్నారు. నేను పక్కనే ఉన్నా. భయం ఏం లేదు. బాబాయి పెట్టె పట్టుకున్నాడు."

గదిలో ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. టేపులో కొంతసేపు గునపం చప్పుడే. తర్వాత దూరంగా ఒక ముసలామె గొంతు వినపడింది.

"అయ్యో, గాజులేంది ఈడ?"

"ఊరుకో పిన్నీ," అని ఒక మగ గొంతు. వెంటనే టేపు టక్కుమని ఆగింది. మళ్ళీ మొదలైనప్పుడు కొత్త స్థలంలో అందరూ పాడుతున్నారు.

కృపారావు శబ్దం కాస్త తగ్గించాడు. "గాలి బాగా ఉన్నట్టుంది. రికార్డింగు సరిగా రాలేదు."

"వెనక్కి తిప్పండి అన్నయ్యగారూ," అంది దయమ్మ.

"పాట అయిపోనివ్వమ్మా, తర్వాత..."

"ఇప్పుడే తిప్పండి."

అతను తిప్పాడు. ముసలామె అదే మాట మళ్ళీ అంది. దయమ్మ ఇంకోసారి తిప్పమనలేదు. పాట చివరిదాకా కూర్చుని, ఎప్పటిలాగే అందరికీ టీ కప్పులు అందించి వెళ్ళింది.

క్లినిక్కు వీధి మలుపులో కార్డు ఫోను బూత్ ఉండేది. ఎండకు లోపల నిలబడటం కష్టం. ఆమె తలుపును కాలితో తెరిచి పట్టుకుని మాట్లాడింది.

"జేమ్సూ, గాజులు ఎవరివి?"

అవతల బూత్ తలుపు మూసిన చప్పుడైంది.

"టేపులో పడిందా?" అన్నాడు జేమ్స్. "ఆపమన్నా ఆ పిల్ల వెంటనే ఆపలా. పైమట్టిలో ఎవరివో పడ్డయ్యని చెప్పా దానికి."

"ఎట్టాంటివి?"

"ఆకుపచ్చవి. ముక్కలు. చేతి ఎముక కాడ."

"నడుం దగ్గర ఇత్తడి బిళ్ళ ఉందా?"

"బిళ్ళేంది?"

ఏబెల్ బెల్టుకు రైల్వే బిళ్ళ ఉండేది. రైల్వే సొత్తు, తిరిగి అప్పగించాలి. పూడ్చే ముందు గాంగు మేస్త్రీ దాన్ని తీయలేదు. పోయిందని ఆఫీసులో చెప్తానని, ఈ మాట ఎవరితోనూ అనవద్దని దయమ్మతో అన్నాడు. ఆమె పదిహేనేళ్ళు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు జేమ్స్‌తో అంది.

"బిళ్ళ లేదు వొదినా. ఏమీ లేదు."

"స్తంభం ఎదుటే తవ్వారా?"

"సూటిగా ఎదుటే. నేనే తాడు పట్టి చూశా."  అతను గొంతు తగ్గించాడు. "వొదినా, తొంభైలో పెద్ద గాలివాన వచ్చింది గదా."

"ఊఁ."

"అప్పుడు మూడు స్తంభాలు పడిపోయినయ్యి. అయిదు, ఆరు, ఏడు. పాత గుంతల్లో నీళ్ళు నిలిచి బురదైపోయింది. గట్టి నేల చూసి పాతమని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. తూర్పుకి జరిపి పాతాం. నేనే గునపం పట్టా. ఏడో నంబరు స్తంభమేగా, ఏడో నంబరు చోటే అనుకున్నా. ఆ గాజులు కనపడేదాకా నాకు తట్టనే లేదు."

"ఎంత జరిపారు?"

"వైరు అందినంత. కొలిచిందెవరు?"

దయమ్మకూ తట్టలేదు. 1991లో, 1993లో సెలవు మీద వెళ్ళినప్పుడు ఆమె జేమ్స్‌తో, జెరూషాతో కలిసి ఆ స్తంభం ఎదుటే మోకరించింది. కట్ట అటూ ఇటూ ఒకేలా ఉంటుంది, నేలా ఒకేలా ఉంటుంది. జూలైలో కఫీల్ సంతకం పెట్టి ఆమె వెళ్ళి ఉన్నా, అక్కడే వేలు పెట్టి చూపించేది.

"ఇప్పుడు పాత గుంత దగ్గర తవ్వితే?"

"మట్టి పోశారు వొదినా. రోలరు కూడా తిరిగింది. ముగ్గురు మనుషుల ఎత్తు కట్ట."

ఆమె రెండో కాలితో తలుపును పట్టుకుంది.

"వొదినా, ఒక మాట చెప్తా, తిట్టొద్దు. రాయి చెక్కడం అయిపోయింది, రేపు వస్తది. అన్న పేరే ఉండనీ. పాప ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది కాలవ దాకా. ఎవరికీ ఇయ్యలా. ఇప్పుడు ఆ పిల్లకి ఏం చెప్తాం? పాస్టరుగారు కూడా ఉండనీమన్నారు. ఇంకోటేందంటే, ఆ మిగతా రెండు స్తంభాలోళ్ళు కూడా తీసుకుపోయారు. ఈ మాట బయటికొస్తే ఊరు ఊరంతా కొట్టుకుంటది."

"వాళ్ళ సంగతి నేను మాట్లాడలేదు. మీ అన్న పేరు తీసెయ్యి."

"వొదినా..."

"ఆయన అక్కడ లేడు. ఆ పిల్ల బతికినన్నాళ్ళూ వేరే మనిషి దగ్గర కూర్చుని నాన్నా అంటదా?"

"మరి రాయి మీద ఏం రాయించను?"

"'ఒక సహోదరి' అని రాయించు. ఆమె కూడా ఎవరికో వదినే."

జేమ్స్ ఏడుస్తున్నట్టు వినపడింది. ఆమె అతన్ని ఆపలేదు, ఓదార్చలేదు. "వచ్చే శుక్రవారం పాపని బూత్‌కి తీసుకురా. నేనే చెప్తా," అని కార్డు తీసేసింది.

వచ్చే శుక్రవారం చెప్పింది. ఏదీ మెత్తబరచలేదు. గాలివాన, స్తంభం, గాజులు, జరిగిన వరసలోనే చెప్పింది. 

"అయితే నాన్న ఎక్కడమ్మా?"

"కట్ట కింద."

"పైనుంచి చూస్తే ఏమన్నా ఆనవాలు ఉంటదా?"

"ఉండదు."

"బాబాయి చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా," అంది ఆ పిల్ల. అది నిందో, ప్రశ్నో దయమ్మకు తేలలేదు. "బాబాయి చెప్పలేదు. నేను చెప్పా," అంది. కార్డులో నిమిషాలు మిగిలి ఉండగానే ఫోను పెట్టేసింది.

సెప్టెంబరులో కఫీల్ తిరిగి వచ్చాడు. బుర్హానుద్దీన్ ఎగ్జిట్ పర్మిట్ కాగితం చేత్తో పట్టుకుని పనిముట్ల గదికి వచ్చాడు.

"దస్తఖత్ అయ్యింది. పోయి రా అమ్మా."

"ఇప్పుడు అక్కర్లేదు సార్."

"మూడు నెలలకిందట ఏడుపు ఒక్కటే తక్కువ, గిప్పుడు అక్కర్లేదంటవేంది?" అతను కాసేపు ఆమె మూట కట్టడం చూశాడు. "పని ఆయెనా?"

"అయిపోయింది సార్," అంది ఆమె, టేపు తుంచుతూ.

కొత్త లైను మీద మరుసటి సంవత్సరం రైళ్ళు తిరగడం మొదలైంది. దాని వల్ల గరికపూడి రోడ్‌కు జరిగిన మేలు, కీడు రెండూ ఉన్నాయి. గుంటూరు ప్రయాణం దాదాపు సగం సమయానికి తగ్గింది. ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం ఆగలేదు. చిన్న స్టేషన్లలో సరుకు ఎక్కించే పద్ధతి పోయి గూడ్సు షెడ్డు మూతపడింది. పత్తి లారీలలో నేరుగా గుంటూరు వెళ్ళసాగింది. మిల్లు యజమానులు యంత్రాలు అమ్ముకున్నారు. ఇంజనుకు నీళ్ళిచ్చిన బావికి ఇనుప చువ్వల మూత బిగించారు. టెలిగ్రాఫు స్తంభాలు అవసరం లేక ఒక్కొక్కటిగా తీసేశారు. జేమ్స్ గాంగును కూడా పక్క స్టేషనుకు మార్చారు. కాలువ గట్టున కొత్త సమాధుల దొడ్డిలో రాళ్ళు బాగా నిలబడ్డాయి, అక్కడ నేల ఇసుక. ఆ వరసలో ఒకదాని మీద 'ఒక సహోదరి' అని తప్ప పేరు లేదు. దాని ముందు ఈస్టరుకు ఎవరో ఒకరు సున్నం చల్లుతారని జేమ్స్ ఫోన్లో చెప్పాడు. ఎవరని దయమ్మ అడగలేదు.

ఆమె 1996 అక్టోబరులో సెలవు మీద వచ్చింది. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో గుంటూరు చేరేసరికి, నర్సింగు శిక్షణలో కొత్తగా చేరిన జెరూషా హాస్టలు నుంచి ఎదురు వచ్చింది. తల్లి కంటే ఇప్పుడు పొడుగు. పెట్టె చేతిలోంచి తీసుకుంది.

"పదింటికి పాసింజరుంది అమ్మా. మన ఊళ్ళో ఆగుతది. బస్సయితే నరసరావుపేటలో మారి, చుట్టూ తిరిగి పోవాలి. సాయంత్రమైపోద్ది."

స్టేషనూ బస్టాండూ వేరు వేరు దిక్కుల్లో ఉన్నాయి. దయమ్మ కూడలిలో ఆగింది.

ఆ పాసింజరు తూర్పు నుంచి వస్తుంది. గరికపూడి రోడ్ ప్లాట్‌ఫారం రావడానికి ముందు, పాత సమాధుల దొడ్డి మీద పోసిన కొత్త కట్ట మీదుగా వెళుతుంది. రైలు అక్కడికి వచ్చేసరికి వేగం తగ్గుతుందో లేదో ఆమెకు తెలియదు.

"బస్సెక్కుదాం," అంది.

 జెరూషా పెట్టెను ఒక చేతి నుంచి రెండో చేతికి మార్చుకుని, తల్లి కంటే ముందు బస్టాండు వైపు తిరిగింది.